నా పేరున పడ్డ లాక్

6-1-2003, సోమవారం

నూలు షాపువాడు ఈ డైరీ ఇచ్చాడు. ప్రతి ఏడూ ఇస్తాడు. ప్రతి ఏడూ మా మాణిక్యమ్మ దాన్ని చింపి పోపుగింజలకి పొట్లాలు కడుతుంది. ఈసారి ముట్టుకోకు, నేను రాసుకోవాలి అన్నాను. నీకు రాయడం కూడా వచ్చా అంది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి అడగాల్సిన మాటేనా.

రెండో క్లాసు దాకా చదివాను. అక్షరాలు వస్తాయి. ఒత్తుల దగ్గర తడుముకుంటాను. గళ్ళ కాగితం మీద మాత్రం చీరాల, వేటపాలెం చుట్టుపక్కల నాకు ఎదురు నిలబడేవాడు లేడు. గొప్ప కాదు, ఉన్నమాట.

రాయడానికి కారణం కోపం.

మా చేనేత సొసైటీకి నేను డిజైన్ మాష్టర్ని. నలభై ఒక్క ఏళ్ళుగా గ్రాఫు గీస్తున్నాను. నేను గడి నింపితే అట్టకి చిల్లు పడుతుంది. చిల్లు పడితే మగ్గం మీద పోగు లేస్తుంది. పోగు లేస్తే బట్ట మీద పువ్వు. పోయినేడు నా గ్రాఫులన్నీ స్కానర్ లో పెట్టి కంప్యూటర్ లోకి ఎక్కించారు. గుంటూరు బ్రాడీపేటలో సర్వర్ అని ఒకటుంది. మేమూ, మంగళగిరి వాళ్ళూ, ఇంకో మూడు సొసైటీల వాళ్ళూ ఫోను తీగ మీద అందులోంచే డిజైన్లు తీసుకుంటాం. ఉమ్మడి బీరువా అనుకోవచ్చు. ఎవడైనా తెరుస్తాడు.

ఇవాళ తెరిస్తే నా మామిడిపిందె అంచుకి తోక లేదు. మంగళగిరిలో ఎవడో పొడుగెక్కువైందని కోసేశాడు. శనివారం నేను చేయించిన సవరణ కూడా పోయింది. ఇద్దరం ఒకే రోజు ఒకే ఫైలు తెరిచామట. ఆఖరున సేవ్ కొట్టినవాడిదే నిలుస్తుందట. ఆఖరున గుమ్మం దాటినవాడిదే ఇల్లు అయినట్టు.

ప్రెసిడెంట్ వీరబాబుని నిలదీశాను. తోక లేకపోతే పిందె పిందె కాకుండా పోద్దా మాష్టారూ అన్నాడు. మీసం లేకపోతే నువ్వు వీరబాబువి కాకుండా పోతావా, అయినా ఎవడైనా గొరిగితే ఊరుకుంటావా అన్నాను. నవ్వు ఆపాడు.

9-1-2003

అష్రఫ్ వచ్చాడు. ఈ ప్రోగ్రాం రాసింది వాడే. మా సిలార్ కొడుకు. బ్రాడీపేటలో ఆఫీసు పెట్టుకున్నాడు.

సిలార్ అంటే మా వీధి చివర దూదేకుల సాయిబు. పొద్దున పరుపులు కుడతాడు. పండగకి గుడిలో సన్నాయి ఊదుతాడు. వాళ్ళ తాత నాటినుంచి కేశవస్వామి కల్యాణానికి వాళ్ళదే మేళం. నన్ను బావా అంటాడు. నేనూ వాణ్ణి బావా అంటాను. ఎవరు మొదలెట్టారో ఇద్దరికీ గుర్తులేదు.

ఇకనుంచి ఫైలుకి లాక్ ఉంటుంది మామయ్యా అన్నాడు అష్రఫ్. స్క్రీన్ మీద ఇంగ్లీషు లైన్లు చూపించాడు. అదే కోడ్. చదివి చెప్పమన్నాను. చెప్పాడు. ఈ ఫైలు ఎవరి చేతిలో ఉందో చూడు. ఎవరి చేతిలోనైనా ఉంటే వాళ్ళ పేరు చూపించి, వచ్చినవాణ్ణి వెనక్కి పంపు. ఎవరి దగ్గరా లేకపోతే వచ్చినవాడి పేరు రాసుకో. పని అయ్యాక ఆ పేరు తీసెయ్యి.

ఆ ఆఖరి లైను తీసెయ్యమన్నాను.

వాడు జోక్ అనుకున్నాడు. తర్వాత నా మొహం చూశాడు. కూర్చోబెట్టి చెప్పాడు. లాక్ అంటే ఒకేసారి రెండు చేతులు పడకుండా ఉండటానికి మామయ్యా, ఒక చెయ్యి ఎప్పటికీ ఉండిపోవడానికి కాదు. అట్లా ఉండిపోతే రేపు తప్పు కనబడినవాడు కూడా దిద్దలేడు అన్నాడు.

నా ఫైళ్ళలో తప్పులుండవు అన్నాను.

మాలో పడుగు మీద ఒకడి చెయ్యి పడ్డాక, వాడొచ్చి సరే అనేదాకా సొంత తమ్ముడు కూడా ముట్టడు. వాడు పెళ్ళికి పోతే మగ్గం ఆగుతుంది. వాడు చచ్చిపోతే వాడి పెళ్ళాం వచ్చి నేత బిగించే పలకని ముట్టుకుని లేచాకే ఇంకొకడు కూర్చుంటాడు. ఇది చెప్పాను. మగ్గానికి మనిషి తిరిగొస్తాడని నమ్మకం ఉంటుంది మామయ్యా, కంప్యూటర్ కి అదేమీ తెలియదు అన్నాడు. తెలివైన మాట. ఒప్పుకోలేదు.

చివరికి నా ఫైళ్ళ వరకూ ఒప్పించాను. నా పేరున లాక్ పడితే నేను తీసేదాకా పోదు. మరి నువ్వు తీయగలవా అని అడిగాను. అడ్మిన్ ని కాబట్టి ఒక లైను కోడ్ కొడితే ఎవరి లాక్ అయినా పోతుంది అన్నాడు. అబద్ధం చెప్పలేదు. నాది మాత్రం నన్నడగకుండా తీయనని మాటియ్యి అన్నాను. ఇచ్చాడు. ఎవరు ఎప్పుడు లాక్ వేశారో, ఏం మార్చారో అంతా సర్వర్ లో రాసుంటుంది, దాన్ని మటుకు నేను కూడా చెరపలేను అని చెప్పాడు. మంచిది, దొంగలు దొరుకుతారు అన్నాను.

17-1-2003

నలభై మూడు డిజైన్లు. నలభై మూడింటి పక్కనా చిన్న తాళం బొమ్మ. పక్కన ఇంగ్లీషులో నా పేరు, బుల్లయ్య అని. చదవలేను గానీ ఆకారం గుర్తుపట్టాను.

మాణిక్యమ్మకి చెప్పాను. ఇంటి తాళం ఎక్కడ పెట్టావో రోజూ నన్నడుగుతావు, నీకు నలభై మూడు తాళాలా అంది.

4-2-2003

సొసైటీకి గుడి నుంచి ఆర్డర్ వచ్చింది. కేశవస్వామికి కొత్త తెర. చైత్ర పౌర్ణమి కల్యాణానికి కావాలి. మధ్యలో నామం, అటొకటి ఇటొకటి చక్రం, శంఖం. జరీతో. గ్రాఫు నేనే గీయాలని కమిటీవాళ్ళు అడిగారట. వీరబాబు ఆ కమిటీలోనూ ఉన్నాడు. ఇంకెవరు గీస్తారు అన్నాను.

సాయంత్రం సిలార్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తెర తీసేటప్పుడు మొదటి ఊపిరి నాది, తెర నీది, ఇంకేం కావాలి బావా అన్నాడు. పళ్ళు ఊడిన నోటితో సన్నాయి పలుకుతుందా అన్నాను. సన్నాయికి పెదాలు చాలు, నీకే కళ్ళు కావాలి అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఇట్లా నవ్వి చాలా రోజులైంది.

20-2-2003

గ్రాఫు అయింది. పదహారు రోజులు. మెడ పట్టేసింది.

ఈ మాట తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. మగ్గం మీద బట్ట బోర్లా పడుకుని ఉంటుంది. నేతగాడికి కనబడేది వీపు. ముఖం కిందివైపు. కాబట్టి గ్రాఫు తిరగేసి గీయాలి. స్వామికి కుడిచేతిలో చక్రం, ఎడమచేతిలో శంఖం. అంటే తెర ముందు నిలబడి దణ్ణం పెట్టేవాడికి ఎడమన చక్రం, కుడిన శంఖం కనబడాలి. అందుకని నా కాగితం మీద ఎడమన శంఖం, కుడిన చక్రం గీశాను. మా నాయన నేర్పిన పని. నిద్రలో లేపి అడిగినా తప్పను.

స్కానర్ లో పెట్టారు. స్క్రీన్ మీద చూస్తే ఎడమన చక్రం, కుడిన శంఖం ఉన్నాయి. నా కాగితానికి ఎదురు. మిషను తిప్పేసింది. మగ్గం బట్టని బోర్లా నేస్తుందని మిషనుకి ఎవరు చెప్పారు గనక.

ఆపరేటర్ పిల్ల గీతాంజలి అన్నానికి వెళ్ళింది. ఫైలు నంబరు 44. నా పేరు మీద లాక్ వేసుకున్నాను. రెండు బాణాల బొమ్మ ఉన్న బటన్ నొక్కాను. తిరగబడింది. ఇప్పుడు నా కాగితంలాగే ఉంది. సేవ్ కొట్టాను. ఒక్క వేలితో చేశాను ఇదంతా. ఎవరి సాయం లేదు.

21-2-2003

గీతాంజలి ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడి చెప్పింది. మాష్టారండీ, స్క్రీన్ మీద కనబడేది ముఖమండీ, వీపు కాదండీ, అట్టలు కొట్టేటప్పుడు ప్రోగ్రామే తిప్పుకుంటుందండీ, మీరు ముందే తిప్పేశారు, ఇప్పుడు తెర మీద శంఖం చక్రం అటుదిటు అయిపోతాయండీ అంది. ఒక్కసారి లాక్ తీస్తే నేను సరిచేసి మళ్ళీ మీ పేరునే పెట్టేస్తాను అంది.

నువ్వు పుట్టకముందు నుంచి గీస్తున్నాను, మొన్న మౌస్ పట్టుకుని ఇవాళ నాకు కుడి ఎడమ చెప్తావా అన్నాను. మీ నాయన నా గ్రాఫు మీదే నేసి నిన్ను చదివించాడు అన్నాను. అది అనక్కర్లేదు. అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. అష్రఫ్ గారికి ఫోన్ చేశానండీ, ఒక్క లైనుతో తీసెయ్యొచ్చు గానీ మాష్టారికి మాటిచ్చాను, ఆయన్నే అడుగు అన్నారండీ, అందుకే వచ్చాను అంది.

చూశావా, మాటంటే అది అన్నాను.

24-2-2003

అట్టలు కొట్టారు. యలమందయ్య మగ్గానికి కట్టారు. లాక్ అట్లాగే ఉంది.

11-3-2003

యలమందయ్య షెడ్డుకి వెళ్ళాను. రెండు మూరలు నేశాడు. జరీ పోగులు వీపు మీద పిచ్చిగా పోతుంటాయి, ఆ చిక్కులో బొమ్మ తెలియదు. మాలో పాత అలవాటు, కింద అద్దం పెట్టి ముఖం చూసుకుంటాం. యలమందయ్య ఇంటి అద్దం తీసుకుని మగ్గం కిందకి దూరాను.

ఎడమన చక్రం, కుడిన శంఖం.

అద్దంలో ఇట్లా కనబడకూడదు. కింద పెట్టిన అద్దం కుడి ఎడమల్ని మార్చదు. మగ్గం మీద ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. బట్ట కోసి తిరగేశాకే అటుదిటు అవుతుంది. అద్దంలో సరిగ్గా కనబడిందంటే తెర తప్పు.

గీతాంజలి చెప్పింది నిజం.

ఎట్లా ఉంది మాష్టారూ అన్నాడు యలమందయ్య. జరీ బిగువు బాగుంది అన్నాను. మోకాళ్ళు దులుపుకుని వచ్చేశాను.

12-3-2003

ఎందుకు తెలియలేదా అని ఆలోచించాను. మామిడిపిందె, రుద్రాక్ష, తామర, గుడి అంచు. ఏది తిప్పినా తేడా లేనివే. నలభై మూడింటిలో కుడి ఎడమ పట్టింపు ఉన్నది ఒక్కటీ లేదు. ఏడాది నుంచి ఆ స్క్రీన్ ముఖం చూపిస్తోందో వీపు చూపిస్తోందో నేను అడగలేదు. అడిగే అవసరం రాలేదు. అవసరం వచ్చినరోజు కూడా అడగలేదు.

రెండు మూరలే అయింది. ఇప్పుడు వెళ్ళి లాక్ తీసి, ఆ పిల్లతో సరిచేయించి, కొత్త అట్టలు కొట్టిస్తే పౌర్ణమికి అందుతుంది. సొసైటీ ఆఫీసు మా ఇంటికి వందడుగులు.

ఆ వందడుగులు నడిస్తే గీతాంజలి కుర్చీ పక్కన నిలబడాలి.

13-3-2003

వెళ్ళలేదు.

14-3-2003

ఆఫీసు ముందునుంచి రెండుసార్లు వెళ్ళాను. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోశారు. ఘాటుకి దగ్గు. లోపలికి వెళ్ళి దగ్గుతూ ఏం మాట్లాడతాంలే అనుకున్నాను.

28-3-2003, శుక్రవారం

తెర కోశారు. గుడి మండపంలో పరిచారు. కమిటీ మొత్తం వచ్చింది. నన్ను ముందు నిలబెట్టారు.

అర్చకుడు గారు చూశారు. చేత్తో ఒకసారి శంఖాన్ని చూపించారు, ఒకసారి చక్రాన్ని చూపించారు. అంతే. మండపం అంతా చప్పుడు మొదలైంది. స్వామి చేతులు మార్చారు అన్నాడొకడు. ఊరికి అరిష్టం అన్నాడు ఇంకొకడు. వీరబాబు నా మొహం చూశాడు. మాష్టారి గ్రాఫు తెప్పించండి అన్నాడు.

తెచ్చారు. నా కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. తిరగేసి గీసి ఉంది. ముసలి నేతగాళ్ళు నలుగురు చూసి మాష్టారి తప్పేం లేదు, కంప్యూటర్ లోనే తిరగబడింది అన్నారు.

అక్కడ నేను నోరు తెరవాలి. వక్కపలుకు నములుతున్నాను. నములుతూనే ఉన్నాను.

ఆ ప్రోగ్రాం రాసినవాడికి శంఖం ఏవైపు ఉంటదో చక్రం ఏవైపు ఉంటదో తెలిస్తే కదా అన్నాడు కమిటీలో ఒకాయన. ఎవరు రాశారు అని ఇంకొకాయన. తెలిసే అడిగాడు. సాయిబుల కుర్రాడు అన్నారు. ఆ తర్వాత ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మెల్లగా మాట్లాడుకున్నారు. అది ఇంకా చెడ్డది.

గీతాంజలి స్తంభం పక్కన నిలబడి ఉంది. నావైపే చూస్తోంది. నాకంటే ముందు తనే మాట్లాడబోయింది. వీరబాబు, నువ్వు ఉద్యోగస్తురాలివమ్మా, పెద్దవాళ్ళ మధ్య నీకెందుకు అన్నాడు.

30-3-2003

ఈసారి కల్యాణానికి సిలార్ మేళం వద్దన్నారు. కబురు పంపారు. మనిషి వెళ్ళి చెప్పను కూడా లేదు. ఏడాదికి విశ్రాంతి తీసుకోమన్నారట. జనం నోళ్ళు మంచివి కావు, నీ మంచికే అన్నారట.

మాణిక్యమ్మ చెప్పింది. చెప్పి అక్కడే నిలబడింది. ఏం చూస్తున్నావే అన్నాను. ఏం లేదు, నువ్వేమైనా అంటావేమోనని అంది.

3-4-2003

అష్రఫ్ గుంటూరు నుంచి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు మీద కూర్చుని కాగితం ఒకటి నా ఒళ్ళో పెట్టాడు. సర్వర్ లోంచి తీసిన ప్రింటు. వేలు పెట్టి చదివి చెప్పాడు. ఫైలు 44. ఫిబ్రవరి ఇరవై, మధ్యాహ్నం ఒంటిగంట పది, లాక్, పేరు బుల్లయ్య. ఒంటిగంట పద్నాలుగు, తిప్పడం, పేరు బుల్లయ్య. సేవ్, బుల్లయ్య. తర్వాత లాక్ తీయమని అర్జీ, పేరు గీతాంజలి. మళ్ళీ అర్జీ, గీతాంజలి. మళ్ళీ. మళ్ళీ. మొత్తం నాలుగు. అట్టలు కొట్టినరోజు కూడా ఒకటి ఉంది. నాకు కబురు రాలేదు. వచ్చే దారే నేను వేయించుకోలేదు.

మామయ్యా, ఆ రోజు గీతాంజలి ఫోన్ చేసినప్పుడు ఒక్క లైను కొడితే అయిపోయేది అన్నాడు. మాటిచ్చానని కొట్టలేదు. మాట నిలబెట్టుకుని తప్పు చేశాను అన్నాడు.

ఇది కమిటీకి చూపిస్తావా అని అడిగాను.

చూపించాలనే తీశాను, నాన్న వద్దన్నాడు అన్నాడు. ఇది బావ నోటితో రావాలిగానీ కాగితంతో రాకూడదు, నువ్వు చూపిస్తే నా సన్నాయి నాకొస్తుంది, బావ నాకు పోతాడు అన్నాడట.

కాగితం నా దగ్గరే వదిలేసి బస్సుకి వెళ్ళిపోయాడు. మజ్జిగ కూడా తాగలేదు.

7-4-2003

కాగితం ట్రంకుపెట్టెలో ఉంది.

11-4-2003

రేపు చెప్తాను.

12-4-2003

జ్వరం. నిజంగా జ్వరమే.

16-4-2003, పౌర్ణమి

కల్యాణం అయింది. పాత తెరే కట్టారు. చిరుగు దగ్గర పిన్నీసులు పెట్టారు.

ఎక్కడినుంచో మేళం పిలిపించారు. కుర్రవాళ్ళు. బాగానే ఊదారు. బాగా లేదని రాద్దామనుకున్నాను గానీ బాగానే ఊదారు. తెర తీసేటప్పుడు జనం వెనక్కి తిరిగి చూశారు, సిలార్ ఏడని. ఒక్క క్షణం. తర్వాత అందరూ స్వామిని చూసుకున్నారు.

వచ్చేటప్పుడు వాళ్ళ ఇంటిమీదుగా వచ్చాను. సిలార్ వాకిట్లో పరుపు కుడుతున్నాడు. పండగరోజు పరుపు కుట్టడం ఎప్పుడూ చూడలేదు. దబ్బనం దించుతున్నాడు, తీస్తున్నాడు. తలెత్తలేదు. నేను ఆగలేదు.

17-4-2003

గుంటూరు వెళ్ళాను. మార్కెట్ యార్డు దగ్గర మిరప బస్తాల లారీలు అడ్డం. బస్సులో అందరూ ముక్కుకి గుడ్డ కట్టుకున్నారు. బ్రాడీపేటలో ఆటోవాడికి సందు తెలియలేదు, దిగి నడిచాను.

అష్రఫ్ ఆఫీసు చిన్న గది. నన్ను చూసి లేచాడు. కుర్చీ వేశాడు. మర్యాదకి లోటు చేయలేదు.

నా లాకులన్నీ తీసెయ్యి అన్నాను. మీరే తీయండి మామయ్యా అన్నాడు. ఒక్కొక్కటి తీస్తే సాయంత్రమవుతుందని కోడ్ రాశాడు. రాస్తూ పైకి చదివాడు. బుల్లయ్య పేరున్న ప్రతి ఫైలూ తీసుకో, లాక్ ఉందో చూడు, ఉంటే తీసెయ్యి, తర్వాతదానికి వెళ్ళు, అయిపోతే ఆగు. ఎంటర్ నన్ను కొట్టమన్నాడు. కొట్టాను.

స్క్రీన్ మీద లైన్లు పైకి పాకాయి. నలభై నాలుగు. నాలుగైదు సెకన్లు కూడా పట్టలేదు. తాళం బొమ్మలన్నీ పోయాయి. ఎక్కడో నొప్పి పుడుతుందనుకున్నాను. పుట్టలేదు. అంత తేలికైన పనికి ఒక మనిషి సన్నాయి ఆపించాను.

కమిటీకి చెప్తాను అన్నాను. కల్యాణం అయిపోయింది కదా మామయ్యా అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అన్నాడు.

22-4-2003

చెప్పాను. గుడి మండపంలో, కమిటీ అందరి ముందూ. గీతాంజలిని కూడా రమ్మన్నాను. నిలబడి చెప్పాను. తిప్పింది నేను. లాక్ నాది. ఈ పిల్ల నాలుగుసార్లు అడిగింది, తీయలేదు. మార్చి పదకొండున అద్దంలో చూశాను, తెలిసింది, దాచాను. అష్రఫ్ తప్పు లేదు. సిలార్ కి దీంతో సంబంధమే లేదు. ఇట్లా ఒక్కో మాటా చెప్పాను. చెమటతో చొక్కా తడిసింది.

అప్పుడు కమిటీ పెద్దాయన లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. స్నేహమంటే ఇదయ్యా అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

సిలార్ కోసం అరవై ఎనిమిదేళ్ళ వయసులో నింద నెత్తిన వేసుకుంటున్నావు, నీ గ్రాఫు మేం కళ్ళారా చూశాం, చుక్క తేడా లేదు, ఈ వయసులో ఇట్లాంటి మనసు ఎవరికుంటది అన్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు తలలూపారు. వీరబాబు, అబద్ధం ఆడినా మాష్టారికే చెల్లింది అన్నాడు. ఆడింది నిజంరా అన్నాను. సరే సరే అన్నాడు, చిన్నపిల్లాడితో అన్నట్టు.

జేబులోంచి కాగితం తీశాను. అష్రఫ్ ఇచ్చిన ప్రింటు. వీరబాబు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరు తీశారు ఇది అన్నాడు. అష్రఫ్ అన్నాను. కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. వాడి మిషను, వాడి కాగితం, వాడికి కావాల్సిందే రాస్తది మాష్టారూ అన్నాడు.

నేను చూశానండీ, నేనే అడిగానండీ నాలుగుసార్లూ అంది గీతాంజలి. మాష్టారి మీద నీకూ అభిమానం ఉంటదిలేమ్మా అన్నారు.

వచ్చే ఏడు చూద్దాం సిలార్ సంగతి అన్నారు. లేచారు. ప్రసాదం ఇచ్చారు. నాకు రెండు దొప్పలు ఇచ్చారు.

23-4-2003

పొద్దున్నుంచి వీధిలో ముగ్గురు నమస్కారం పెట్టారు. ఎప్పుడూ పెట్టనివాళ్ళు.

ఇన్నేళ్ళు నా పేరు కోసం బతికాను. ఇప్పుడు అబద్ధంతో పెరిగింది. తగ్గించుకుందామని వెళ్ళి పెంచుకుని వచ్చాను.

6-5-2003

ఆఫీసుకి వెళ్ళాను. గీతాంజలి పక్కన నిలబడ్డాను. తను 44 తెరిచింది. తన పేరున లాక్ పడింది. రెండు బాణాల బటన్ నొక్కింది. సేవ్ కొట్టింది. లాక్ తీసేసింది. వెంటనే తీసేసింది. నేను వద్దన్నా ఆగేది కాదు. నేను వద్దనలేదు.

నిన్ను ఆ రోజు అన్నమాట తప్పమ్మా అన్నాను. ఏ మాటండీ అంది. మీ నాయన మాట అన్నాను. అదా అండీ అంది. స్క్రీన్ మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

తప్పు తెరని ఏం చేశారని అడిగాను. సొసైటీ గోదాములో నూలు మూటల మీద దుమ్ము పడకుండా కప్పారంది.

15-5-2003

సిలార్ ఇంటికి నాలుగోసారి వెళ్ళాను. పొన్నూరు వెళ్ళాడు, పెళ్ళి మేళం ఉంది అన్నారు. మొన్న వేటపాలెం అన్నారు. అంతకుముందు పడుకున్నాడు అన్నారు. ఇంట్లోంచి దబ్బనం కింద పడ్డ చప్పుడు విన్నాను. వినలేదన్నట్టు వచ్చాను.

27-5-2003

సంత దగ్గర సిలార్ ఎదురయ్యాడు. సైకిల్ దిగాడు. బాగున్నారా అండీ అన్నాడు.

బాగున్నానండీ అన్నాను.